డకోటా: తుపాకీ లేకుండా యుద్ధం చేసిన విమానం

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. డకోటా ప్రయాణికుల విమానమా, సైనిక విమానమా? ఒక్క తుపాకీ కూడా లేని దాన్ని రెండో ప్రపంచ యుద్ధం గెలిపించిన వాటిలో ఎందుకు లెక్కేస్తారు? 1942లో మీ తాతగారు రంగూన్ నుంచి నడిచి వచ్చారు కదా, అదే సమయంలో కొందరు విమానాల్లో వచ్చారన్నది నిజమేనా? పనిలో పనిగా, అవి ఇప్పటికీ ఎగురుతున్నాయా అని కూడా అడిగారు. నేను వైమానిక దళంలో ఇంజన్ మెకానిక్‌గా చేరేనాటికి డకోటాలు ఇంకా పనిలోనే ఉన్నాయి. వాటి మీద చేతులు నల్లగా చేసుకున్నవాణ్ణి, రిటైరయ్యాక వాటి చరిత్ర ఏళ్ళ తరబడి చదువుకుంటున్నవాణ్ణి. అందుకని సమాధానం కాస్త పొడవవుతుంది.

ముందు పుట్టుక. 1930ల్లో అమెరికాలో విమానంలో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలంటే ఒక రాత్రంతా పట్టేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్‌కు రైల్లో లాగా విమానంలోనూ పడక బెర్తులు ఉండాలన్న ఆలోచన వచ్చింది. డగ్లస్ కంపెనీ దగ్గర అప్పటికే డీసీ-2 అనే మంచి విమానం ఉంది, కానీ దాని పొట్ట సన్నం, బెర్తులు పట్టవు. డొనాల్డ్ డగ్లస్‌కు మొదట పెద్దగా ఇష్టం లేకపోయినా స్మిత్ పట్టుబట్టి ఒప్పించాడు. ఆర్థర్ రేమండ్ నాయకత్వంలో ఇంజనీర్లు పొట్ట వెడల్పు చేసి, రెక్కలు పొడిగించి కొత్త విమానం గీశారు. అది 1935 డిసెంబర్ 17న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో మొదటిసారి ఎగిరింది. పడక బెర్తులున్న రూపంలో 14 బెర్తులు, మామూలు సీట్ల రూపంలో 21 సీట్లు. అదే డీసీ-3, తర్వాత డకోటా అయింది ఇదే. డబ్బున్నవాళ్ళు హాయిగా పడుకోవడానికని పెంచిన ఆ వెడల్పే, ఆరేళ్ళ తర్వాత ఒక జీపును లోపలికి ఎక్కించడానికి పనికొచ్చింది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: అది ప్రయాణికుల కోసం పుట్టి, సైన్యంలో చేరిన విమానం.

ఇక దాని బలం ఎక్కడుంది? రెక్కలో ఉంది. అల్యూమినియం రేకుతో విమానాలు కట్టడం అప్పటికి కొత్త విద్య. ఏ రేకు ఎన్నేళ్ళకు అలసిపోయి పగులుతుందో ఎవరికీ సరిగా తెలియదు. అందుకే వాళ్ళు ధైర్యం చేసి బరువు తగ్గించలేదు, అవసరమైనదానికన్నా గట్టిగానే కట్టారు. రెక్క లోపల ఒకే దూలం మీద భారమంతా వేయకుండా పొడవునా మూడు దూలాలు, వాటి మధ్య అరలు అరలుగా గదులు పెట్టారు. ఒక అర చిల్లు పడినా మిగతావి బరువు మోస్తాయి. ఇంజన్లున్న నడిమి భాగం పొట్టతో కలిసే ఉంటుంది. దానికి అటూ ఇటూ బయటి రెక్కలను అంచు చుట్టూ వందల బోల్టులతో బిగిస్తారు. ఆ వరసను స్పానరు పట్టుకుని ఒక్కొక్కటిగా సరిచూసిన వాళ్ళకు తెలుస్తుంది, ఆ విమానం ఎందుకంత ధైర్యంగా ఉండేదో.

ఈ బోల్టుల గురించి ఒక నిజమైన కథ చెప్పి తీరాలి. 1941 మే నెలలో చైనా నేషనల్ ఏవియేషన్ కార్పొరేషన్ అనే విమాన సంస్థ వాళ్ళ డీసీ-3 ఒకటి సూయిఫూ అనే చోట నేల మీద ఉండగా జపాన్ బాంబు పడి కుడి రెక్క పోయింది. హాంగ్‌కాంగ్‌లో డీసీ-3 రెక్క దొరకలేదు, డీసీ-2 రెక్క మాత్రం ఉంది. అది దీనికన్నా అయిదు అడుగులు పొట్టి. ఆ రెక్కనే ఇంకో విమానం పొట్ట కింద కట్టి తీసుకెళ్ళారు. బోల్టు రంధ్రాలు సరిపోయాయి. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి రెక్కతో ఆ విమానం మళ్ళీ ఎగిరి హాంగ్‌కాంగ్ చేరింది. దానికి అక్కడివాళ్ళు డీసీ-రెండున్నర అని పేరు పెట్టుకున్నారు. నా ఉద్యోగ జీవితంలో ఇంకే విమానం గురించీ ఇలాంటిది వినలేదు.

యుద్ధం వచ్చాక సైన్యం కోసం చేసిన రూపమే సి-47. మార్పులు తక్కువే: గట్టి నేల, సామాను తాళ్ళతో కట్టడానికి కొక్కేలు, ఎడమ పక్క వెనక భాగాన పెద్ద జోడు తలుపు, గోడలకు మడిచి పెట్టే బెంచీలు, తోక దగ్గర గ్లైడర్‌ను, అంటే ఇంజన్ లేని విమానాన్ని, లాగే కొక్కెం. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు రెండు, ఒక్కోటి 14 సిలిండర్లు, 1200 హార్స్‌పవర్. 28 మంది సైనికులు గానీ, సుమారు 2,700 కిలోల సరుకు గానీ లెక్క ప్రకారం ఎక్కించాలి. యుద్ధంలో ఆ లెక్క ఎవరూ పట్టించుకోలేదు. మామూలుగా పోయే వేగం గంటకు 260 కిలోమీటర్ల లోపే. అమెరికావాళ్ళు స్కైట్రెయిన్ అన్నారు, బ్రిటన్‌వాళ్ళు డకోటా అన్నారు. మన దగ్గర డకోటాయే స్థిరపడింది. అమెరికాలో కట్టినవే పదివేలు దాటాయి. రష్యా లైసెన్సు తీసుకుని లీ-2 పేరుతో వేల సంఖ్యలో కట్టింది. జపాన్ కూడా యుద్ధానికి ముందే లైసెన్సు కొనుక్కుని షోవా, నకాజిమా ఫ్యాక్టరీల్లో కట్టింది. అంటే అదే విమానం యుద్ధంలో రెండు పక్షాల జెండాల కిందా ఎగిరింది. ఆకాశంలో అచ్చం ఒకేలా కనిపించే వాటిని చూసి తమదో శత్రువుదో తేల్చుకోవడం ఎంత కష్టమో ఊహించుకోండి.

దగ్గరగా చూడని వాళ్ళ కోసం దాన్ని ఉదయం లేపే తీరు చెబుతాను. ఇంజన్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి రాత్రంతా ఆయిల్ కారి కింది సిలిండర్లలో చేరుతుంది. అలాగే స్టార్ట్ చేస్తే ఆ ఆయిల్ నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి ప్రొపెల్లర్ రెక్కను చేతులతో పట్టుకుని, ఒకటి తర్వాత ఒకటి తిప్పాలి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకూడదు, కింది ప్లగ్గులు విప్పి ఆయిల్ వంచేయాలి. అది అయ్యాక లోపల పైలట్ స్టార్టర్ స్విచ్ పట్టుకుంటాడు, సన్నని కూతలా మొదలై స్వరం పెరుగుతుంది, రెండో స్విచ్ వేయగానే ప్రొపెల్లర్ మెల్లగా తిరుగుతుంది. ఒక సిలిండర్ దగ్గుతుంది, ఇంకోటి అందుకుంటుంది, నీలం పొగ గుప్పున వచ్చి మా ముఖాలకు కొడుతుంది, ఆపైన పద్నాలుగూ కలుస్తాయి. మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒకడు పక్కనే నిలబడి ఉండాల్సిందే. తోక చక్రం మీద కూర్చునే విమానం కనుక లోపల నేల ఏటవాలుగా ఉంటుంది. డ్రమ్ము ఎక్కించామంటే తలుపు దగ్గర్నుంచి ముందుకి చెమటలు కక్కుతూ నెట్టాలి. ఈ ఏటవాలు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ చెబుతాను.

ఇప్పుడు మీ తాతగారి విషయం. 1941 డిసెంబర్ 23న జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. అప్పటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షకు పైనే ఉన్నారు. రేవులో, బియ్యం మిల్లుల్లో, రిక్షాల దగ్గర పనిచేసేవాళ్ళలో చాలామంది విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడల్లో వెళ్ళినవాళ్ళే. బాంబులు పడింది ముఖ్యంగా ఆ రేవు ప్రాంతంలోనే. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఓడల దారి మూసుకుపోయాక మిగిలింది నడక. టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్ వైపు కొందరు, తమూ మీదుగా ఇంఫాల్‌కు కొందరు, చివరికి ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా లీడోకు కొందరు. సుమారు అయిదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. దారిలో కలరాకు, మలేరియాకు, ఆకలికి పోయినవాళ్ళు వేలకు వేలు.

విమానాలు నడిచిన మాట నిజం. బ్రిటన్ వైమానిక దళంలోని 31వ స్క్వాడ్రన్, చైనా నేషనల్ ఏవియేషన్, అమెరికా సైనిక విమానాలు కలిసి మగ్వే, ష్వేబో, చివరికి ఉత్తరాన మిట్‌కినా నుంచి వేలమందిని అస్సాం, బెంగాల్‌కు చేర్చాయి. మే మొదటి వారంలో మిట్‌కినాలో జనంతో నిండిన విమానాల మీదే జపాన్ బాంబులు పడ్డాయి, రెండు రోజుల్లో ఆ ఊరూ పడిపోయింది. అంతకు కొంచెం ముందు మూన్ చిన్ అనే చైనా సంతతి అమెరికన్ పైలట్, 21 మంది పట్టే డీసీ-3లో 70 మందికి పైగా ఎక్కించుకుని బయల్దేరాడు. ఆ విమానంలో టోక్యో మీద దాడి చేసి తిరిగొస్తున్న అమెరికన్ అధికారి జేమ్స్ డూలిటిల్ కూడా ఉన్నాడు. అంతమందిని ఎక్కిస్తుంటే ఆయన అభ్యంతరం చెప్పాడు. మూన్ చిన్ లెక్క మూన్ చిన్‌ది, విమానం లేచింది, క్షేమంగా దిగింది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. విమానంలో చోటు ఎవరికి దొరికింది? గాయపడిన సైనికులకు, అధికారుల కుటుంబాలకు, తెల్లవాళ్ళకు, ఆంగ్లో ఇండియన్లకు ముందు దొరికింది. రేవు కూలీకి, మిల్లు కూలీకి టికెట్ కొనే స్తోమతు లేదు, సిఫారసు లేదు. నడక దారుల్లో కూడా ఎవరు ఏ దారిన పోవాలో రంగును బట్టి తేడా చూపించారన్న ఆరోపణ అప్పట్లోనే భారత నాయకులు చేశారు, దానికి ఆధారాలున్నాయి. కనుక మీ తాతగారు నడిచి రావడం అప్పటి తెలుగువాళ్ళలో ఎక్కువమందికి జరిగిందే. ఆ విమానం మీద నాకెంత ప్రేమ ఉన్నా ఈ నిజం తప్పించి దాని చరిత్ర చెప్పలేను. మన బిజూ పట్నాయక్ యువ పైలట్‌గా బర్మా నుంచి జనాన్ని తరలించిన వాళ్ళలో ఒకరు. ఆయనే 1947 జూలైలో డచ్చివాళ్ళ దిగ్బంధం దాటి జావా నుంచి ఇండోనేషియా నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను డకోటాలో తెచ్చాడు.

బర్మా పోయాక చైనాకు భూమార్గం తెగింది. అస్సాంలోని చబువా, దిన్‌జాన్ లాంటి చోట్ల నుంచి హిమాలయాల తూర్పు కొసల మీదుగా కున్మింగ్‌కు సరుకు మోయడం మొదలైంది. హంప్ అని పిలిచిన దారి అది. దాని గురించి చాలా చెబుతుంటారు గానీ, నిజాయితీగా అయితే అక్కడ డకోటా మొదలుపెట్టిన పనే తప్ప ముగించిన పని కాదు. నిండు బరువుతో ఆ ఎత్తు దానికి ఎక్కువ. తర్వాత అంతకన్నా పెద్ద రవాణా విమానాలు సి-46, సి-54లు ఎక్కువ మోశాయి. ఆ కొండల్లో పోయిన విమానాలు వందల్లో ఉన్నాయి.

డకోటా అసలు పరీక్ష 1944లో అరకాన్, ఇంఫాల్ దగ్గర జరిగిందని నా అభిప్రాయం. మిత్రపక్షాలు ఫ్రాన్స్‌లో దిగిన నార్మండీ పేరే అందరికీ తెలుసు, కానీ సైన్యం మొత్తం బతుకు ఈ విమానం మీద ఆధారపడింది మన తూర్పు సరిహద్దులోనే. అప్పటిదాకా జపాన్ పద్ధతి ఒకటే: చుట్టూ తిరిగి వెనక వైపు నుంచి వచ్చి దారి కోసేయడం. దారి తెగితే బ్రిటిష్, భారత దళాలు సరుకు అందక వెనక్కి తగ్గేవి. 1944 ఫిబ్రవరిలో అరకాన్‌లో ఏడవ భారత డివిజన్‌ను అలాగే చుట్టుముట్టారు. ఈసారి బ్రిటిష్ 14వ సైన్యం అధిపతి జనరల్ స్లిమ్ ఎవరినీ వెనక్కి రావద్దన్నాడు, ఉన్నచోటే నిలబడండి, తిండీ గుండ్లూ పైనుంచి వస్తాయన్నాడు. మొదటి రోజు శత్రువుల కాల్పులకు విమానాలు వెనక్కి తిరిగితే, అమెరికన్ జనరల్ విలియం ఓల్డ్ తానే ముందు విమానం నడిపి సరుకు పడేసి వచ్చాడు. మూడు వారాల లోపే ముట్టడి వీగిపోయింది. దారి కోస్తే లొంగిపోతారన్న లెక్క ఆ రోజుతో చెల్లిపోయింది.

ఆ సరుకు ఎలా పడేసేవారో చెబితేనే కష్టం అర్థమవుతుంది. వెనక తలుపు ఊడదీసేవారు. లోపల ముగ్గురు నలుగురు సైనికులు మూటలను తలుపు దగ్గర పేర్చుకుని, పైలట్ వెలిగించే దీపం కోసం చూస్తారు. దీపం వెలగగానే వీపులు గోడకు ఆనించి, కాళ్ళతో తన్ని బయటికి నెట్టాలి. దిగాల్సిన చోటు ఒక చిన్న మైదానం, దాని మీద నుంచి విమానం పోయేది కొన్ని సెకన్లే. అందుకే ఒక్క విమానం అదే చోటు మీద మళ్ళీ మళ్ళీ తిరగాలి, ఒకే ఎత్తులో, ఒకే నెమ్మది వేగంలో, కిందివాడు గురి చూసుకోవడానికి అనువుగా. బియ్యం, పప్పు, పిండి పారాచూట్ లేకుండానే వేసేవారు. లోపలి గోనెసంచి పగిలినా గింజలు పోకుండా దాన్ని ఇంకో పెద్ద గోనెసంచిలో పెట్టి కుట్టేవారు. గుండ్లకూ మందులకూ మాత్రం పారాచూట్ కావాలి. పట్టు గుడ్డ పారాచూట్లు యూరప్‌కే చాలడం లేదు. స్లిమ్ కలకత్తా జనపనార మిల్లుల వాళ్ళను పిలిపించి జనపనార గుడ్డతో చేయమన్నాడు. నెల తిరిగేసరికి తయారయ్యాయి. మామూలు పారాచూట్ ఖరీదు 20 పౌండ్లయితే దీని ఖరీదు ఒక పౌండు. మనుషులు దూకడానికి పనికిరావు గానీ సరుకుకు బాగానే పనిచేశాయి.

అదే ఏడాది మార్చిలో బ్రిటిష్ జనరల్ వింగేట్ దళాలను బర్మా మధ్యలో దింపడానికి అస్సాంలోని లాలాఘాట్ నుంచి ఒక్కో డకోటా రెండేసి గ్లైడర్లను లాక్కుంటూ రాత్రి పూట కొండలు దాటింది. తాళ్ళు తెగి కొన్ని గ్లైడర్లు అడవిలో పడిపోయాయి. చేరినవాళ్ళు రాత్రికి రాత్రే రన్‌వే చదును చేశారు, మర్నాటి నుంచి డకోటాలు దిగడం మొదలుపెట్టాయి. వారం రోజుల్లో సుమారు తొమ్మిది వేల మంది మనుషులు, వెయ్యికి పైగా కంచరగాడిదలు జపాన్ సైన్యం వెనక దిగాయి. కంచరగాడిదలను వెదురు గడలతో చేసిన కటకటాల్లో నిలబెట్టి తెచ్చేవారు.

ఇంఫాల్‌కు దారి 1944 మార్చి చివర్లో తెగింది, జూన్ 22న తెరుచుకుంది. అంతకాలం లోపలున్న లక్షన్నర మందికి విమానాలే దిక్కు. అరకాన్ నుంచి అయిదవ భారత డివిజన్‌ను తుపాకులు, గాడిదలతో సహా గాల్లోనే ఇంఫాల్, దిమాపూర్‌కు చేర్చారు. యుద్ధం మధ్యలో ఒక డివిజన్ ఒక రణరంగం నుంచి ఇంకో రణరంగానికి విమానాల్లో వెళ్ళడం అదే మొదలు. ఇందులో ఎక్కువ భాగం పెద్దవైన సి-46లు మోశాయి, కానీ రోజువారీ తిండి మోసింది డకోటాలే. వచ్చిన విమానం ఖాళీగా పోలేదు. సుమారు 13,000 మంది గాయపడినవాళ్ళను, 43,000 మంది పోరాడని వాళ్ళను వెనక్కి తెచ్చాయి. లోపల తినే నోళ్ళు అన్ని తగ్గాయి. చివరి వారాలు వానాకాలం. చిన్ కొండల మీద ఆ మేఘాల్లోకి వెళ్ళిన విమానాలు కొన్ని తిరిగి రాలేదు, తుపాకీ గుండు తగలకుండానే. వాటిలో మూటలు తన్నే సైనికులు కూడా ఉన్నారు, వాళ్ళ పేర్లు ఎవరూ చెప్పుకోరు.

యూరప్ సంగతి తెలిసిందే గనుక రెండు విషయాలు మాత్రం చెబుతాను. 1943 జూలై 11 రాత్రి సిసిలీలో 144 అమెరికన్ సి-47లు సైనికులను దింపడానికి వెళ్తుంటే, సొంత ఓడలూ సొంత ఫిరంగులూ శత్రు విమానాలనుకుని కాల్చేశాయి. 23 కూలిపోయాయి. నార్మండీ ఫొటోల్లో రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు కనిపిస్తాయే, అవి ఆ రాత్రి నేర్పిన గుణపాఠం. 1944 జూన్ 6 తెల్లవారుజామున 800కు పైగా సి-47లు సుమారు 13,000 మంది పారాచూట్ సైనికులను అక్కడ వదిలాయి. పెట్రోలు ట్యాంకులకు గుండు తగిలితే తమంతట తాము మూసుకునే పొర లేదు, పైలట్‌కు కవచం లేదు, అటూ ఇటూ తప్పించుకోవద్దని ఆజ్ఞ. మేఘాల్లో వరసలు చెదిరి సైనికులు చాలామంది దిగాల్సిన చోటికి దూరంగా పడ్డారు.

రెండోది డేవిడ్ లార్డ్. బర్మా మీద 31వ స్క్వాడ్రన్‌లో సరుకులు మోసిన పైలట్టే. 1944 సెప్టెంబర్ 19న హాలండ్‌లోని ఆర్న్‌హెమ్ దగ్గర చిక్కుకున్న బ్రిటిష్ దళాలకు సరుకు తీసుకెళ్తుండగా కుడి ఇంజన్‌కు మంటలంటుకున్నాయి. పారాచూట్లతో దూకేయడానికి సమయం ఉంది. ఆయన దిగువకు వచ్చి సరుకు వేయించాడు. ఇంకా రెండు పెట్టెలు మిగిలాయని వెనక నుంచి చెప్పారు. మండుతున్న రెక్కతో విమానం తిప్పి మళ్ళీ అదే చోటు మీదికి వచ్చి అవి కూడా వేయించాడు. అప్పుడు అందర్నీ దూకమన్నాడు, అంతలో రెక్క విరిగింది. నావిగేటర్ ఒక్కడే బతికాడు. జర్మన్ల దగ్గర ఖైదీగా ఉండి 1945లో తిరిగొచ్చిన ఆ నావిగేటర్ చెబితేనే జరిగింది లోకానికి తెలిసింది. లార్డ్‌కు విక్టోరియా క్రాస్ ఇచ్చారు, బ్రిటన్ రవాణా విమాన దళానికి ఆ యుద్ధంలో దక్కింది అదొక్కటే. ఆయన సరుకు వేసిన మైదానం అప్పటికే జర్మన్ల చేతికి పోయింది, ఆ కబురు వైర్‌లెస్‌లో అందలేదు.

యూరప్‌లో మిత్రపక్ష సేనల అధిపతిగా ఉన్న ఐసెన్‌హోవర్ యుద్ధం తర్వాత రాసిన దాంట్లో విజయానికి ప్రాణాధారమైన వాటిలో బుల్డోజర్, జీపు, రెండున్నర టన్నుల లారీ, సి-47 అని నాలుగు చెప్పి, వీటిలో ఒక్కటీ పోరాటానికి చేసింది కాదన్నాడు. మీ రెండో ప్రశ్నకు ఆయనే జవాబిచ్చాడు. సైన్యం ఎంత ధైర్యంగా ఉన్నా తిండి, గుండ్లు, గాయపడ్డవాడికి ఆసుపత్రి లేకపోతే నిలబడలేదు. ఆ మూడూ మోసింది ఇదే.

1948లో బెర్లిన్‌కు దారులు రష్యా మూసేసినప్పుడు మొదటి వారాల్లో బొగ్గు, పిండి మోసింది కూడా డకోటాలే. కానీ ఒక్కోటి మూడు మూడున్నర టన్నులే తేగలదు, సి-54 పది టన్నులు తెస్తుంది. పైగా ఇందాక చెప్పిన ఏటవాలు నేల: మూడు టన్నులు దించడానికి, చదునైన నేల ఉన్న సి-54లో పది టన్నులు దించినంత సేపు పట్టింది. అమెరికన్లు కొద్ది నెలల్లోనే దాన్ని తప్పించారు. యుద్ధ విమానాలు పాతబడేది కొత్త తుపాకులు వచ్చి, ఇది పాతబడింది దింపుడు కూలీ లెక్కల్లో.

మన దేశంలో మాత్రం అప్పుడే దాని రెండో జీవితం మొదలైంది. అమెరికన్లు వదిలేసి వెళ్ళిన డకోటాలను బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు బాగుచేసి విమాన సంస్థలకు అమ్మారు. బేగంపేట కేంద్రంగా నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఈ విమానాలతోనే హైదరాబాదును మద్రాసు, బెంగుళూరు, ఢిల్లీలతో కలిపింది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తర్వాత కూడా చాలా ఏళ్ళు మన పెద్దలు మొదటిసారి ఎక్కిన విమానం ఇదే.

కశ్మీర్ మీదికి పాకిస్తాన్ వైపు నుంచి దాడి జరిగినప్పుడు, 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి 12వ స్క్వాడ్రన్ డకోటాలు లెఫ్టినెంట్ కల్నల్ దివాన్ రంజిత్ రాయ్ నాయకత్వంలోని ఫస్ట్ సిక్కు దళంతో శ్రీనగర్ బయల్దేరాయి. ఎయిర్‌ఫీల్డ్ ఎవరి చేతిలో ఉందో తెలియదు, ముందు చుట్టూ తిరిగి చూసి అప్పుడే దిగమన్నారు. అది మట్టి నేల, దిగిన ప్రతి విమానం దుమ్ము లేపి తర్వాతి దానికి కనబడకుండా చేస్తుంది. సైన్యం విమానాలు చాలక ప్రైవేటు సంస్థల డకోటాలు, వాటి పైలట్లు కూడా వచ్చారు. నవంబర్ మధ్యకల్లా సుమారు 700 సార్లు ఎగిరాయి. పూంచ్ ముట్టడిలో నూనె దీపాల వెలుగులో రాత్రి దిగిన వైమానిక దళ అధికారి మెహర్ సింగే, 1948 మే 24న జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని లేహ్‌లో దిగాడు. జోజిలా, ఫోటులా కనుమల మీదుగా ఎవరూ పోని దారి, సరైన మ్యాపు లేదు, క్యాబిన్‌లో ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు. సింధు నది ఒడ్డున ఇసుకలో, పదివేల అడుగులకు పైన, సోనమ్ నోర్బూ అనే ఇంజనీరు స్థానికులతో చదును చేయించిన స్ట్రిప్ అది. అంత పలచని గాలిలో ఇంజన్ శక్తి ఎంత పడిపోతుందో, దిగడానికన్నా తిరిగి లేవడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఇంజన్ల మీద పనిచేసినవాడిగా నాకు బాగా తెలుసు. మెహర్ సింగ్‌కు మహావీర్ చక్ర ఇచ్చారు. మన విమాన చరిత్రలో అంత గొప్ప ల్యాండింగ్ ఇంకోటి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

1971 డిసెంబర్ 11న, బంగ్లాదేశ్ యుద్ధంలో, టాంగాయిల్ దగ్గర మన రెండో పారా బెటాలియన్‌ను దింపిన విమానాల్లో పాత డకోటాలు కూడా ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో దిమాపూర్‌లో పుట్టిన బంగ్లాదేశ్ వైమానిక దళం మొదలైంది మూడు విమానాలతో: ఒక డకోటా, ఆటర్ అనే చిన్న విమానం ఒకటి, ఒక హెలికాప్టర్. మన దళంలో డకోటాలు 1980ల చివరిదాకా ఉన్నాయి.

చూడాలనుంటే, 2018లో బ్రిటన్‌లో బాగుచేయించి రాజీవ్ చంద్రశేఖర్ వైమానిక దళానికి ఇచ్చిన డకోటా ఒకటుంది. ఆయన తండ్రి ఎయిర్ కమోడోర్ ఎం.కె. చంద్రశేఖర్ డకోటా పైలట్. దాని పేరు పరశురామ. మొదటి రోజు శ్రీనగర్ వెళ్ళిన విమానం గుర్తుగా దాని మీద వీపీ 905 అనే నంబరు వేశారు. వైమానిక దళ దినోత్సవ ప్రదర్శనల్లో ఎగిరినప్పుడు ముందు చప్పుడు వినండి, జెట్ చప్పుడుకూ దానికీ పోలికే ఉండదు. ఇక సంపాదన కోసం ఎగిరేవి విదేశాల్లో ఇంకా ఉన్నాయి. పాత చట్రాన్ని కొంచెం పొడిగించి, టర్బోప్రాప్ ఇంజన్లు పెట్టి, బీటీ-67 పేరుతో అమెరికాలో తిరిగి తయారు చేస్తున్నారు. వాటికి చక్రాలతో పాటు మంచు మీద జారే పట్టాలు కూడా బిగించి అంటార్కిటికాలో శాస్త్రవేత్తలను, వాళ్ళ సామానును మోయిస్తున్నారు.